కోకో గింజలు కడిగిందెవరు

పోయిన నవంబరు మూడో శనివారం, పొద్దున పదీ నలభై నిమిషాలకు, ప్లేనోలో మా అమ్మాయి ఇంటి వెనక నేనూ మా పెద్ద తోడికోడలూ కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. చెక్క కంచె అవతలి నుంచి ఒక వాసన వచ్చింది. మొదట వేరుశనక్కాయలు మాడుతున్నాయనుకున్నాను. తర్వాత కాఫీ గింజలనుకున్నాను. రెండూ కాదు. మా తోడికోడలు ముక్కు ఎగబీల్చి, "ఎవరో ఏదో మాడబెట్టుకుంటన్నారు" అని మళ్ళీ కాయల్లో పడింది. నాకు తెలియని వాసన ఎదురైతే నేను ఊరుకోలేను. కుర్చీ కంచె దగ్గరికి జరిపి ఎక్కాను. ఈ వయసులో కుర్చీలెక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది. పక్కవాళ్ళ పెరట్లోకి తొంగిచూడొద్దని మా అమ్మాయి చెప్పింది. ఇద్దరి మాటా ఒకేసారి కాదన్నాను.

అవతల మా పక్కింటావిడ బయటి గ్యాసు పొయ్యి మీద వెడల్పాటి మట్టి పెనం పెట్టి ఏవో గింజలు వేయిస్తోంది. ఆవిడదీ నా వయసే. మెక్సికో దక్షిణపు కొసనుంచి కూతురి దగ్గరికి వచ్చి ఏడాదైంది. ఈ ఊళ్ళో కారు నడపడం రానివాళ్ళకు కాళ్ళు లేనట్టే లెక్క. కాబట్టి ఏడాదిగా మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడమే తప్ప మాట లేదు. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకు నా భాష రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రమే. నన్ను చూసి ఆవిడ నవ్వి, గుప్పెడు పచ్చి గింజలు తీసి కంచె మీంచి నా చేతిలో పోసింది. అరచేతిలో పడగానే గుర్తుపట్టాను. బాదం గింజకన్నా కాస్త పొట్టి, కాస్త బొద్దు, గరుకైన పొట్టు. పదకొండేళ్ళు ఈ చేతులతో తిరగేసిన గింజ. కోకో.

కుర్చీ దిగకుండానే వెనక్కి తిరిగి మా తోడికోడలి వైపు చూశాను. నా గుండెలో ముప్పై రెండేళ్ళుగా ఒక అబద్ధం ఉంది. అది ఈ గింజ గురించే, ఆ మనిషి గురించే. ఉత్తరాన మంచు కురిసే షాంబర్గ్‌లో కొడుకు దగ్గర ఉండే ఆవిడ, చలికాలం తట్టుకోలేక నెల్లాళ్ళు మా దగ్గర ఉండడానికి వచ్చింది. ఈసారైనా చెప్పాలనుకుంటూనే రెండు వారాలు గడిపాను. ఇంతలో గింజ దానంతటదే వచ్చి చేతిలో పడింది.

మాది పశ్చిమ గోదావరిలో మెరక ఊరు. కొబ్బరి తోటలు. కొబ్బరి చెట్ల నీడ వృథాగా పోతోందని ఎవరో చెప్తే మా తోట ఆసామి మధ్యలో కోకో మొక్కలు పెట్టించాడు. అప్పటిదాకా ఆ చెట్టు మొహం మాలో ఎవరూ చూడలేదు. మూడేళ్ళకు కాపుకొచ్చింది. కాయ కొమ్మకు కాయదు, మొద్దుకు కాస్తుంది. పనస, అత్తి తర్వాత మేము అలా చూసింది దీన్నే. కొమ్మదాకా పోయే ఓపిక లేని చెట్టు అని నవ్వుకునేవాళ్ళం. ఆ కాయలు దేనికి పనికొస్తాయో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పేవారు. బూట్లకు రాసే నల్లరంగు చేస్తారని ఒకామె. కాదు, తుపాకీ మందులో కలుపుతారని ఇంకొకామె. సీమ దొరసానులు ఒంటి రంగు కోసం తాగుతారని మా అత్తగారు. ఆ రంగు తనకూ వస్తుందేమోనని ఒకమ్మాయి గింజ కొరికి, ఆ చేదుకు ఉమ్మి, పొద్దుగూకేదాకా నోరు పుక్కిలిస్తూనే ఉంది. చాక్లెట్ అవుతుందని మాత్రం ఒక్కరూ అనలేదు. మా ఊళ్ళో చాక్లెట్ అంటే రంగు కాగితంలో చుట్టిన చక్కెర బిళ్ళ. దానికీ ఈ చేదు గింజకూ చుట్టరికం ఎలా తడుతుంది?

కాయ కత్తితో కొయ్యకూడదు, గింజ తెగుతుంది. కర్రతో నడుం మీద ఒక్కటి వేస్తే రెండు చెక్కలవుతుంది. లోపల గింజల చుట్టూ తెల్లటి గుజ్జు, సీతాఫలంలా ఉంటుంది, ఇంకాస్త పులుపు. మేము గుజ్జు చప్పరిస్తూ గింజలు బుట్టల్లో పోసేవాళ్ళం. అప్పుడు ఆడకూలీల మేస్త్రీ మా తోడికోడలే. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. శుభ్రం అంటే పిచ్చి. కడిగిన గిన్నెను మళ్ళీ కడిగి వాడే మనిషి. మొదటి కాపు రోజున ఆసామి ఒక కాగితం తెచ్చాడు. కొనేవాళ్ళు పంపారట, గింజలను ఏం చెయ్యాలో అందులో రాసుందట. ఆయనకు తొందర పనుండి, "చదివేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. అందరూ నన్ను చూపించారు.

నన్నెందుకు చూపించారో చెప్పాలి. ఆదివారం ప్రార్థనలో నేను పాటల పుస్తకం పట్టుకుని పాడేదాన్ని. పాటలన్నీ నోటికొచ్చు. పక్కనున్నావిడ పేజీ తిప్పినప్పుడు నేనూ తిప్పేదాన్ని. మొదట్లో సరదాగా చేశాను. తర్వాత జనం నాకు చదువొచ్చనుకోవడం బాగుండి మానలేదు. అలా ఆ కాగితం నా చేతికొచ్చింది. అందులో రాతతో పాటు బొమ్మలున్నాయి. ఒక బొమ్మలో గింజల కుప్ప. దాని మీద అరిటాకులు. పక్క బొమ్మలో కుప్ప దగ్గర ఒక చెయ్యి, కుప్ప చుట్టూ వంకర టింకర గీతలు. నీళ్ళు అలా గీస్తారని నాకు తెలుసు. చుట్టూ ఇరవై మంది ఆడవాళ్ళు నా నోటివైపు చూస్తున్నారు. "కడగమని రాసుంది" అన్నాను. "జిగురు పోయేదాకా కడిగి ఎండబెట్టాలంట."

అనుమానం ఎవరికొస్తుంది? చింతగింజయినా, సీతాఫలం గింజయినా జిగురుంటే చీమలు పడతాయి, కడుగుతాం. బోరు తొట్టి దగ్గర బుట్టలు ముంచి, ఊకతో రుద్ది, గింజలు తళతళలాడేలా కడిగాం. మా తోడికోడలు ఒక్కో బుట్టా మళ్ళీ కడిగించింది. పది రోజులకు కొనేవాళ్ళ మనిషి వచ్చి గుప్పెడు గింజలు తీసి నిలువునా కోశాడు. లోపల పలకరాయి రంగు. గోధుమరంగు రావాలట. గుజ్జుతోనే అరిటాకుల కింద కుప్పబోసి వారం రోజులు పులియబెడితే వేడెక్కి, అప్పుడు గింజలో ఆ రుచి పుడుతుందట. "గుజ్జంతా కడిగేసిందెవరు? చాక్లెట్‌ని తొట్లో పారబోశారు" అన్నాడతను. ఆ గింజ చాక్లెట్ అవుతుందని మేము వినడం అదే మొదలు. సరుకంతా తిప్పి పంపాడు.

ఆసామి వచ్చి అడిగాడు, కడగమని చెప్పిందెవరని. తర్వాత ఒక్కొక్కరి కళ్ళూ మా తోడికోడలి మీదికి పోయాయి. ఊళ్ళో కడుగుడంటే ఆవిడే కదా. పైగా కాగితం చదివినామె తప్పు చెప్తుందని ఎవరూ అనుకోరు. నా నోట విన్నవాళ్ళు కూడా ఆ మాట మేస్త్రీదేననుకునేశారు. మా తోడికోడలు నోరు తెరిచి, "నేను కడిగించాను గానీ" అని ఆగి, నావైపు చూసింది. నేను నా కాళ్ళవైపు చూసుకున్నాను. అంతే జరిగింది. వారంలో మేస్త్రీ పని నాకొచ్చింది. ఆవిడకు 'కడుగుడమ్మ' అన్న పేరొచ్చింది, ఊరు విడిచేదాకా పోలేదు. తోటపని పోయి రొయ్యల షెడ్డుకు వెళ్ళింది. మంచుగడ్డల్లో చేతులు పెట్టి పొద్దస్తమానం రొయ్యలు ఒలిచే పని. ఏడేళ్ళు. ఆవిడ వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా చాచడం రాదు. ఆ వేళ్ళతోనే ఆ శనివారం చిక్కుడుకాయలు వలుస్తోంది.

మా మనవరాలు తలుపు తీసుకుని బయటికొచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల. "అమ్మమ్మా, ఫెన్స్ మీద నుంచి ఎందుకు చూస్తున్నావ్? దట్స్ సో రూడ్" అంది. అంటూనే తనూ పక్కన నిలబడి తొంగిచూసింది. బళ్ళో మూడేళ్ళుగా స్పానిష్ నేర్చుకుంటోంది. పక్కింటావిడతో నాలుగు మాటలు కలిపింది, ఆవిడ మొహం వెలిగిపోయింది. ఐదు నిమిషాల్లో మేము ముగ్గురం వాళ్ళ పెరట్లో ఉన్నాం. మా తోడికోడలు మాత్రం చిక్కుడుకాయల పళ్ళెం వదల్లేదు, వెంట తెచ్చుకుంది. గింజల్ని చూసి, "ఇయ్యా? ఈ దేశంలో కూడా నన్నొదలవా?" అని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పక్కింటావిడ వేయించిన గింజల్ని చేత్తో నలిపి పొట్టు ఊదింది. వాలుగా ఉన్న మూడుకాళ్ళ రాతిపీట మీద రాతికర్రతో నూరింది. మన సన్నికల్లుకు దూరపు చుట్టం అది. దాల్చినచెక్క, చక్కెర కలిపి, ఆ ముద్దను వేడినీళ్ళలో వేసింది. పాలు లేవు. తర్వాత చెక్కతో చేసిన కవ్వం తీసి రెండు అరచేతుల మధ్య తిప్పింది. మా తోడికోడలు పళ్ళెం పక్కన పెట్టేసింది.

"ఏమే, మజ్జిగ చిలికినట్టు చిలుకుతుందేంటే ఈవిడ?"

"అదేదో అడుగు తల్లీ" అన్నాను మనవరాలితో.

పిల్ల అడిగి, తనకొచ్చిన తెలుగులో చెప్పింది. "నురగ రావాలంట. నురగ ఈజ్ లైక్, దాని ప్రాణం అంట. ఆవిడ గ్రాండ్‌మా ఏం చెప్పేదంటే, నురగ తియ్యడం రాని అమ్మాయికి పెళ్ళి చెయ్యరంట."

"అయితే నీ పని అయిపోయినట్టే" అంది మా తోడికోడలు. పిల్ల నవ్వింది.

చిలుకుతూ ఆవిడ కథలు చెప్పింది. పిల్ల సగం నోటితో, సగం ఫోనులో చూసి చెప్పింది. ఈ గింజ మొదట దేవుళ్ళ దగ్గరే ఉండేదట. రెక్కలున్న పాము దేవుడొకడు దొంగతనంగా తెచ్చి మనుషులకిచ్చి, ఆ నేరానికి దేశం విడిచి పోయాడట. పూర్వం వాళ్ళకు గింజలే డబ్బట. అందులోనూ మోసగాళ్ళుండేవారట, గింజ తొలిచి పొట్టులో మట్టి నింపి చలామణీ చేసేవాళ్ళట. ఇది వినగానే మా తోడికోడలు ఆ దేశం మీద గౌరవం పెంచుకుంది. మాకు బాగా నచ్చింది మాత్రం వాళ్ళ ప్రాంతపు చర్చి కథ. ఒకప్పుడు అక్కడి దొరసానులు ఆరాధన జరుగుతుండగానే పనిమనుషుల చేత వేడివేడి చాక్లెట్ తెప్పించుకుని తాగేవారట. అది లేకపోతే అంతసేపు కూర్చోలేమని వాళ్ళ వాదన. బిషప్పు వద్దన్నాడట. వాళ్ళు ఆ చర్చికి పోవడమే మానుకున్నారట. కొన్నాళ్ళకు బిషప్పుగారు చాక్లెట్ తాగి పోయాడట, అందులో ఏదో కలిసిందని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారట. నిజమో కాదో ఆవిడకూ తెలియదు.

"మన చర్చిలో మూడు గంటల ప్రసంగానికి గుక్కెడు టీ కూడా ఇవ్వరు. మనం ఎవరినీ ఏమీ చెయ్యలేదు" అంది మా తోడికోడలు.

గిన్నెల్లో పోసిచ్చింది. నేను ఈ దేశం వచ్చాకే అసలు చాక్లెట్ తిన్నాను. ఇది అలా లేదు. చేదుగా, మట్టివాసనతో, వగరుగా, కాస్త తీపిగా ఉంది. అప్పుడు నాలో మేస్త్రీ లేచింది. ఒక పచ్చి గింజను అక్కడున్న కత్తితో నిలువునా కోశాను. లోపల పలకరాయి రంగు. సరిగ్గా ఆ రోజు చూసిన రంగు. "ఇవి పులియబెట్టలేదు" అన్నాను. "పాపం, ఈవిడకు ఎవరో పనికిరాని సరుకు అంటగట్టారు. అడుగు తల్లీ."

పిల్ల అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపి, రెండు చేతులూ ఒకదానితో ఒకటి రుద్ది చూపించింది.

"అమ్మమ్మా, వెయిట్. వాళ్ళ ఊళ్ళో ఫర్మెంట్ చెయ్యరంట. దే వాష్ ఇట్. నీళ్ళలో కడిగేసి ఎండబెడతారంట. కాండీ కంపెనీలకైతే వేరే, కానీ తాగడానికి ఇదే కావాలంట. ఆల్వేస్ అలాగేనంట. వాళ్ళ గ్రాండ్‌మా, ఆవిడ గ్రాండ్‌మా, అందరూ."

నేను గిన్నె కింద పెట్టాను. మా తోడికోడలు మాత్రం వీపు నిటారుగా చేసి కూర్చుంది. అంత నిటారుగా ఆవిడ కూర్చోవడం నేను ఎన్నో ఏళ్ళుగా చూడలేదు. "మళ్ళీ చెప్పమ్మా" అని పిల్ల చేత రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"విన్నావా? ఈ పంట పుట్టిన చోట వీళ్ళు కడుగుతారంట. నేను కడగమన్నదాంట్లో తప్పేముంది? చెప్పు. ఆ కోసినోడికే తెలీదు. ముప్పై ఏళ్ళు నన్ను కడుగుడమ్మా అన్నారు."

నేను కడగమన్నదాంట్లో, అంది. నేను సరిగ్గా విన్నానా అని ఆవిడ మొహం చూశాను. అబద్ధం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆ మాట తనే అన్నానని ఆవిడ నమ్ముతోంది. ఊరంతా అన్నేళ్ళు అంటుంటే నమ్మేసింది. ఇప్పుడు అది తప్పు కాదని తేలి, కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నేను నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ నష్టం లేదు. ఆవిడ గెలిచి షాంబర్గ్ వెళ్తుంది. నేను కాళ్ళవైపు చూసుకుంటే సరిపోతుంది, ఆ పని నాకు బాగా వచ్చు. కానీ మొదటిసారి ఆవిడ పని తీసుకున్నాను. ఇప్పుడు ఆవిడ బుర్రలో ఉన్న సంగతి కూడా నేను పెట్టిందే. అలా వదిలేస్తే రెండో దొంగతనం అవుతుందనిపించింది.

"అక్కా, కడగమన్నది నువ్వు కాదు. నేను" అన్నాను.

"నీకు మతిపోయింది. నువ్వు కాగితం చదివావు. కడగమన్నది నేను."

"కాగితం చదవలేదు. నాకప్పుడు అక్షరం ముక్క రాదు. యాభై ఏడేళ్ళకు ఇక్కడ పాస్టరమ్మ నేర్పితే వచ్చింది. బొమ్మ చూసి నోటికొచ్చింది చెప్పాను."

"నాకు గుర్తుందే. తొట్టి దగ్గర నిలబడి చెప్పాను. నీలం చీర కట్టుకున్నాను."

"నిలబడ్డావు. రెండోసారి కడగమన్నావు. మొదటిసారి అన్నది నేను. ఆసామి అడిగినప్పుడు నువ్వు నావైపు చూశావు. నేను కిందికి చూశాను."

పక్కింటావిడకు మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైనట్టుంది, చిలకడం ఆపింది. మా తోడికోడలు తన వేళ్ళను ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కటీ చాచాలని చూసింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"ఆ కాగితంలో అసలేం రాసుంది?" అని అడిగింది.

"తెలీదక్కా. చదువొచ్చేసరికి కాగితం లేదు. ఆ గీతలు నీళ్ళనుకున్నాను. కుప్ప వేడెక్కితే వచ్చే ఆవిరేమో అని ఇప్పుడనిపిస్తుంది."

"ఆవిరా?"

"ఆవిరే అయ్యుంటుంది."

"చర్చిలో లేచి, దేవుడు నీకు చదువిచ్చాడని ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పావు? నేనే రెండుసార్లు విన్నాను. ఏడ్చాను కూడా. ఈ ముక్క అందులో లేదే."

లేదన్నాను. రేపు ఆదివారమే కదా, అందరి ముందూ చెప్తానన్నాను.

"చర్చిలో వద్దు. అక్కడ చెప్తే అందరూ హల్లెలూయా అని నిన్నే మెచ్చుకుంటారు. మళ్ళీ నీకే లాభం. రాయి. అక్షరాలొచ్చాయిగా, రాయి. చదివేవాళ్ళు పదిమంది ఉండేచోట వేయించు. రోజు, గంట వెయ్యి. ఎవరెవరున్నారో రాయి. వరసలు కాదు, పేర్లు. పెద్ద తోడికోడలంటే ఎవరైనా కావచ్చు."

"క్షమించావా?" అని అడిగాను. అడగకూడదని తెలుసు, అయినా అడిగాను.

"రాశాక చూద్దాం" అంది. తర్వాత పిల్లవైపు తిరిగి, "ఇంకో గిన్నె పొయ్యమనమ్మా ఆవిణ్ణి. కడిగిన గింజల్దే కదా, తాగుతాను" అంది.

నేను ఒక్కో వాక్యం రాయడానికి చాలాసేపు పడుతుంది. రెండు నెలలు పట్టింది. రాసిన ప్రతిసారీ మా తోడికోడలు ఫోనులో చదివి వినిపించమని, మధ్యలో ఆపి, "నీలం చీర తియ్యొద్దు, అది నిజమే" అని సరిదిద్దుతూ వచ్చింది. కాలం అన్నీ మరిపిస్తుందని మా అత్తగారు అనేది. జరగనిదాన్ని గుర్తు కూడా చేయిస్తుందని ఆవిడకు తెలియదు, నేను చూశాను.

ఆ పూట అక్కడున్నవాళ్ళం నలుగురం. పక్కింటి గ్వాదలూపే. మా మనవరాలు షారన్. కడగమని చెప్పిన దీవెనమ్మ, అంటే నేను. ఆ మాట అనని సువార్తమ్మ.